ఆఫీసు తెరిచే ఉంది, మరి రోడ్డు?

అమెరికాలో కంపెనీలు, కన్సల్టెన్సీలు, హోటళ్లు, దుకాణాలు నడుపుతున్న తెలుగు యజమానులకు, వాటిల్లో పైవారికీ కిందివారికీ మధ్య నలిగే మేనేజర్లకు, టీమ్ లీడ్‌లకు,

ఏటా డిసెంబరు నుంచి మార్చి దాకా, మంచు కురిసిన రోజున తెల్లవారుజామున మీ దగ్గర్నుంచి ఉద్యోగుల ఫోన్లకు ఒక సందేశం వెళ్తుంది. మాటలు అటూ ఇటూ అయినా సారం ఒకటే. ఆఫీసు యథావిధిగా పనిచేస్తుంది. రోడ్లు బాగోలేవనిపిస్తే మీ విచక్షణ మేరకు నిర్ణయించుకోండి. రానివారు పీటీవో (జీతంతో కూడిన సెలవు) పెట్టుకోండి. చూడ్డానికి ఎంతో మర్యాదైన సందేశం. బలవంతం లేదు, బెదిరింపు లేదు. ఉద్యోగి మీద బోలెడంత నమ్మకం ఉన్నట్టే కనిపిస్తుంది.

ఈ లేఖకు పేచీ అంతా ఆ మర్యాదతోనే.

ఆ మూడు ముక్కల్లో మీరు చేసిన పని ఏమిటో ఒకసారి చూడండి. ఆ రోజు తీసుకోవాల్సిన అతి కష్టమైన నిర్ణయాన్ని, దాన్ని తీసుకునే వీలు అందరికంటే తక్కువగా ఉన్న మనిషి నెత్తిన పెట్టి, మీరు పక్కకు తప్పుకున్నారు. వస్తే ప్రమాదం అతనిది. రాకపోతే నష్టం అతనిది. మరి మీ వాటా ఏది?

చట్టం ఎవరి పక్షాన ఉందో మీకు తెలుసు, మీ హెచ్‌ఆర్ విభాగానికి ఇంకా బాగా తెలుసు. గంటల లెక్కన పనిచేసేవారికి, రాని గంటలకు జీతం ఇవ్వమని ఫెడరల్ చట్టం అడగదు. నెల జీతం మీదున్న ‘ఎగ్జెంప్ట్’ ఉద్యోగి విషయంలో తిరకాసు ఇంకాస్త సన్నంగా ఉంటుంది. వాతావరణం బాగోలేదని మీరే ఒకట్రెండు రోజులు ఆఫీసు మూస్తే, ఆ వారంలో కొంతైనా పనిచేసినవారి జీతం కోయడానికి లేదు. మీరు తెరిచి ఉంచి, అతనే రాలేకపోతే మాత్రం ఆ పూర్తి రోజు జీతం కోసుకోవచ్చు, లేదా సెలవుల ఖాతాలో రాసుకోవచ్చు. అంటే “ఆఫీసు తెరిచే ఉంది” అన్న మాట సమాచారం మాత్రమే కాదు. ఆ రోజు ఖర్చు ఎవరి పద్దులో పడాలో అది తేల్చేస్తుంది.

దారిలో కారు జారితే సంగతేమిటి? ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి చేసే రోజువారీ ప్రయాణం సాధారణంగా వర్కర్స్ కాంపెన్సేషన్ కిందికి రాదు. పనిచేసే చోటును ప్రాణాపాయం లేకుండా ఉంచాలని 1970 నాటి ఆక్యుపేషనల్ సేఫ్టీ అండ్ హెల్త్ చట్టం యజమానికి చెప్పింది. ఆ చెప్పడం మీ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. మీ ఆఫీసు మెట్ల మీద కాలు జారితే బాధ్యత మీది. ఆ మెట్లు ఎక్కడానికి నలభై మైళ్లు వస్తూ కారు జారితే బాధ్యత అతనిది, అతని బీమా కంపెనీది, అతని ఇంట్లోవాళ్లది. దీనికి తోడు, ఒక్క మోంటానా తప్ప తక్కిన రాష్ట్రాలన్నింటిలోనూ మామూలు ఉద్యోగిని కారణం చెప్పకుండా తీసేసే వీలు యజమానికి ఉంది. ఇన్ని తెలిసినవాడు ‘విచక్షణ’ అన్న మాట చదివి ఏం అర్థం చేసుకుంటాడు? రమ్మంటున్నారనే.

ఒహాయో సంగతి ఇంకా విచిత్రం. కొలంబస్, డబ్లిన్ చుట్టుపక్కల ఉండే తెలుగువారందరికీ తెలిసిన విషయమే. మంచు ముదిరితే అక్కడ కౌంటీ షెరిఫ్ మూడు స్థాయుల్లో స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తాడు. రెండో స్థాయిలో, తప్పదనుకున్నవాళ్లే రోడ్డెక్కాలని చెప్పి, పనికి రావాలో వద్దో మీ యజమానిని అడగండి అంటుంది ప్రకటన. మూడో స్థాయిలో అత్యవసర సిబ్బందికి తప్ప రోడ్లు మూసేస్తారు, తిరిగితే అరెస్టు కావచ్చని హెచ్చరిస్తారు. అప్పుడు కూడా ఉద్యోగులు యజమానినే అడగాలన్న వాక్యం అందులో ఉంటుంది.

షెరిఫేమో మిమ్మల్ని అడగమంటాడు. మీరేమో “మీ ఇష్టం” అంటారు. ఇద్దరి మధ్య కారు తాళంచెవి చేతిలో పట్టుకుని గరాజ్‌లో నిలబడ్డ మనిషి ఎవర్ని అడగాలి?

“హైవే శుభ్రంగానే ఉందే! నేను వచ్చేశాను కదా!” ఈ మాట అనని మేనేజరు ఉండడు. హైవే నిజంగానే శుభ్రంగా ఉండొచ్చు. మంచు తోసే ప్లో ట్రక్కులు మొదట శుభ్రం చేసేది పెద్ద రోడ్లనే. సబ్‌డివిజన్‌లోని చిన్న రోడ్ల వంతు ఆఖరున వస్తుంది. ఈలోగా ఆ ట్రక్కు వీధిలోకి వస్తే, పక్కకు తోసిన మంచంతా డ్రైవ్‌వే మూతి దగ్గర గట్టులా పేరుకుంటుంది. అప్పటికే గంటసేపు షవల్‌తో తోడిన మనిషి మళ్లీ మొదలుపెట్టాలి. ఉప్పు చల్లారు కదా అంటే, దానికీ హద్దుంది. ఉష్ణోగ్రత 15 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 9 సెల్సియస్ కిందికి దిగితే మామూలు రాతి ఉప్పు ఐసును కరిగించడంలో బాగా వెనకబడుతుంది. వంతెనల సంగతి వేరే చెప్పాలా? పైనా కిందా చలిగాలే కాబట్టి మిగతా రోడ్డు కంటే ముందు అవే గడ్డకడతాయి.

అన్నింటికంటే మోసకారి బ్లాక్ ఐస్. కంటికది తడి రోడ్డులాగే ఉంటుంది. అనుభవమున్నవాళ్లు ముందు కారు చక్రాల వంక చూస్తారు. రోడ్డు తడిగా మెరుస్తోంది, చక్రాల వెనక మాత్రం నీటి తుంపర లేవడం లేదంటే, కింద ఉన్నది నీళ్లు కాదని గ్రహిస్తారు. రాజమండ్రిలోనో కరీంనగర్‌లోనో బండి నేర్చుకుని, డాలస్ ఎండలో లైసెన్సు తెచ్చుకుని, ప్రాజెక్టు మారి జనవరిలో మిషిగన్‌లో దిగిన పాతికేళ్ల కుర్రాడికి ఈ సంగతి ఎవరు చెప్పారు? అతని కారుకున్నవి ఆల్ సీజన్ టైర్లు. పేరుకు అన్ని కాలాలవీనూ. కానీ 45 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి పోయేకొద్దీ ఆ రబ్బరు గట్టిపడి, రోడ్డును పట్టుకునే గుణం తగ్గుతుంది. మీరు ఎస్‌యూవీలో వచ్చారు సరే. ఆల్ వీల్ డ్రైవ్ బండి కదలడానికి సాయపడుతుంది గానీ, ఐసు మీద ఆగడానికి కాదు.

మంచు, బురదమంచు, ఐసు కమ్మిన రోడ్ల మీద జరిగే ప్రమాదాల్లో ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారని, 1,16,800 మందికి పైగా గాయపడుతున్నారని ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ చెబుతోంది. వీళ్లంతా సరదాగా మంచు చూడ్డానికి బయల్దేరినవాళ్లేనా?

2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామును గుర్తు చేసుకోండి. మీలో చాలామంది ఉండేది ఆ చుట్టుపక్కలే. ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద, నేలకు ఎత్తున కట్టిన టోల్ లేన్లలో సన్నటి తుంపర పడి గడ్డకట్టింది. ఆరు గంటల వేళ ఒక కారు జారింది, దాని మీదికి ఇంకోటి, దాని మీదికి ట్రక్కు. చూస్తుండగానే సుమారు 130 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని గుట్టపడ్డాయి. ఆరుగురు చనిపోయారు. ఆ బండ్లలో ఉన్నవాళ్లలో చాలామంది ఆసుపత్రుల సిబ్బంది, డ్యూటీకి వెళ్తున్నవాళ్లూ దిగి వస్తున్నవాళ్లూ. జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసి, ఆ లేన్లు నడిపే సంస్థ రోడ్డు పరిస్థితిని సరిగా గమనించి చర్య తీసుకోలేదని తేల్చింది. ఉప్పునీళ్లు చల్లి అప్పటికి దాదాపు రెండు రోజులు. అంటే, చాలావరకు డ్రైవరు విచక్షణకు అందని ప్రమాదం అది. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి టోల్ కంపెనీ ఎప్పుడు ఉప్పు చల్లిందో ఎలా తెలుస్తుంది? తెలుసుకోకుండా తీసుకున్న నిర్ణయాన్ని ‘సొంత విచక్షణ’ అని రాసుకోవడం ఎవరి సౌకర్యం కోసం?

పొద్దున్నే పిలిపించి, మంచు మొదలయ్యాక మధ్యాహ్నం “జాగ్రత్తగా ఇంటికి వెళ్లండి” అనేవారూ మీలో ఉన్నారు. అదేదో దయ అనుకుంటారు. ఆ దయ ఎలా ఉంటుందో అట్లాంటా 2014 జనవరి 28న చూసింది. జాతీయ వాతావరణ సంస్థ తెల్లవారకముందే వింటర్ స్టార్మ్ వార్నింగ్ ఇచ్చింది. అయినా బడులు తెరిచారు, ఆఫీసులు తెరిచారు. మధ్యాహ్నం మంచు మొదలుకాగానే బడులూ ప్రభుత్వ కార్యాలయాలూ కంపెనీలూ ఒక్కసారిగా అందర్నీ వదిలేశాయి. పడిన మంచు మూడంగుళాలు కూడా లేదు. నగరమంతా ఒకేసారి రోడ్డెక్కడంతో ఉప్పు ట్రక్కులకు దారి దొరకలేదు. ఉప్పు పడక రోడ్లు గడ్డకట్టాయి, రోడ్లు గడ్డకట్టి కార్లు ఆగిపోయాయి. జనం ఐ-285 మీద కార్లలోనే తెల్లవార్లూ కూర్చున్నారు. రెండు వేల మందికి పైగా పిల్లలు బడుల్లోనే పడుకున్నారు. కొందరు బస్సుల్లో. హోమ్ డిపో దుకాణాలు తలుపులు తెరిచి, దారిలో చిక్కినవాళ్లకు రాత్రి తలదాచుకునే చోటిచ్చాయి. రెండు రోజులకు గవర్నర్ నేథన్ డీల్ ప్రజలకు క్షమాపణ చెప్పాడు. ఏ కంపెనీ అయినా చెప్పిందా?

ఇదే చిక్కును మన హైదరాబాద్ ఇంకోలా చూసింది. 2023 జూలైలో కుండపోత కురిసినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు మూడు దశల లాగౌట్ చెప్పారు. ఏ ప్రాంతంలోని ఆఫీసులు ఎప్పుడు వదలాలో సమయాలు ఇచ్చారు. అందరూ ఒకేసారి రోడ్డు మీద పడకూడదన్న ఇంగితం అందులో ఉంది. హైటెక్ సిటీలో వానకు కుదిరిన పని, అట్లాంటా పక్కనున్న ఆల్ఫరెట్టాలో మంచుకు కుదరదా?

బఫెలో కథ మరీ దారుణం. 2022 డిసెంబరు 23, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు. తుపాను వస్తుందని రోజుల ముందే తెలుసు. బఫెలో ఉన్న ఈరీ కౌంటీలో వాహనాలపై నిషేధం అమల్లోకి వచ్చింది మాత్రం ఆ ఉదయం తొమ్మిదిన్నరకు, గంట వ్యవధి కూడా ఇవ్వకుండా. రాత్రి షిఫ్టువాళ్లు ఇళ్లకు చేరాలని ఆగామని కౌంటీ ఎగ్జిక్యూటివ్ మార్క్ పోలన్‌కార్జ్ తర్వాత చెప్పుకొచ్చాడు. అప్పటికే పొద్దుటి షిఫ్టువాళ్లు పనిలో ఉన్నారు. నిషేధం లేదు కాబట్టి యజమానులు రమ్మన్నారు, యజమానులు రమ్మన్నారు కాబట్టి వాళ్లు వెళ్లారు. ఆ తుపానులో ఆ ఒక్క కౌంటీలోనే 40 మందికి పైగా చనిపోయారు. వారిలో కార్లలో చిక్కుకుపోయి ఎవరూ రాక చనిపోయినవాళ్లున్నారు. అంబులెన్సులూ ఫైరింజన్లూ కూడా మంచులో కూరుకుపోయాయి, సాయం కోసం వెళ్లినవాళ్లనే కాపాడాల్సి వచ్చింది.

ఈ సంగతిలో మీ సంస్థకే కాదు, ఊరందరికీ సంబంధం ఉందనేది ఇందుకే. రోడ్డు మీద అడ్డంగా ఆగిన ఒక్క కారు వెనక ప్లో ట్రక్కు ఆగుతుంది, దాని వెనక అంబులెన్సు ఆగుతుంది. 2022 జనవరి 3న వర్జీనియాలో ఐ-95 మీద ఐసు మీద జారిన ట్రక్కులు అడ్డం పడితే దాదాపు 48 మైళ్ల దారి స్తంభించింది. మంచుకు ముందు వాన పడటంతో రోడ్డు మీద ముందస్తుగా ఉప్పునీళ్లు చల్లినా నిలవవని చల్లలేదు. రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్‌కు రెండు గంటల్లో చేరాల్సిన సెనేటర్ టిమ్ కెయిన్‌కు 27 గంటలు పట్టింది. మర్నాడు ఆయన వార్తల్లోకి ఎక్కాడు. ఆయన ముందూ వెనకా కార్లలో ఉన్నవాళ్లలో ఎంతమంది ఆ రోజు సెలవు పెట్టుకోవాల్సి వచ్చిందో ఏ వార్తా చెప్పలేదు.

ఇక ఇంటి సంగతులు మాట్లాడుకుందాం. ఈ లేఖ ప్రత్యేకంగా తెలుగు యజమానులకే ఎందుకంటే, మీ దగ్గర పనిచేసేవారి భయాలు మీకు తెలిసినంతగా ఏ అమెరికన్ మేనేజరుకూ తెలియవు కాబట్టి. హెచ్-1బీ వీసా మీదున్న మనిషికి ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి మామూలుగా దొరికే గడువు 60 రోజులు. గ్రీన్ కార్డు వరసలో ఏళ్ల తరబడి నిలబడ్డవాడికి యజమాని మీద అలక కూడా ఒక విలాసమే. ఇల్లు, పిల్లల బడి, కారు వాయిదాలు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బు, అన్నీ ఆ ఒక్క వీసా కాగితానికి వేలాడుతుంటాయి. అలాంటివాడికి “మీ ఇష్టం” అని సందేశం పెట్టి, అదే రోజు పదింటికి స్టాండప్ కాల్‌లో “ఎవరెవరు వచ్చారు?” అని అడిగితే, అతని ఇష్టం ఏమైపోతుంది? మీరు కూడా ఒకప్పుడు ఆ వరసలో నిలబడ్డవారేగా. అప్పట్లో మీ మేనేజరు అలా అడిగితే మీకేమనిపించేది?

కన్సల్టెన్సీలవారికి ఇంకో మాట. మంచు వల్ల క్లయింటే ఆఫీసు మూసినా, టైమ్‌షీట్‌లో ఆ రోజుకు సున్నా వేసి, బిల్లింగ్ లేదు కాబట్టి జీతం లేదనేవారు ఉన్నారు. హెచ్-1బీ నిబంధనలు తెలియక కాదు. ఉద్యోగి తన సొంత అవసరం కోసం కోరుకున్నది కాకుండా పని ఆగిపోతే, ఆ ఖాళీ కాలానికీ జీతం ఇవ్వాల్సింది యజమానే. బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టకూడదని లేబర్ డిపార్ట్‌మెంట్ పెట్టిన ఆ నియమం మంచు కురిసినప్పుడు కరిగిపోదు.

గంటల లెక్కన పనిచేసేవారి బాధ ఇంకోలా ఉంటుంది. గ్యాస్ స్టేషన్ కౌంటర్లో, ఇండియన్ స్టోర్ వెనక గదిలో బియ్యం బస్తాలు మోస్తూ, రెస్టారెంట్ వంటింట్లో. వీళ్లలో చాలామందికి పీటీవో అన్న మాటే ఉండదు. గోదాముల్లోనైతే హాజరు పాయింట్లు. రాని రోజుకు ఒక పాయింటు, ఇన్ని పాయింట్లు చేరితే ఉద్యోగం ఊడుతుంది. ఆ లెక్క కట్టే సాఫ్ట్‌వేర్‌కు బయట మంచు పడుతోందో, ఎండ కాస్తోందో పట్టదు. కొందరు విద్యార్థుల పరిస్థితి ఎవరికీ ఫిర్యాదు చేయలేనిది. ఎందుకు చేయలేరో వాళ్లకు పనిచ్చినవారికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ నిస్సహాయత మీద ఆధారపడి మంచు రోజున దుకాణం తెరవడాన్ని వ్యాపార దక్షత అందామా?

మంచు పడిన రోజే వేడివేడి బిర్యానీకి ఆర్డర్లు పెరుగుతాయి. ఆ బాక్సు పట్టుకుని, ప్లో చేయని వీధిలో ఇంటి నంబరు వెతుక్కుంటూ పాకే కారులో ఉన్న పిల్లవాడు మీ రెస్టారెంటు పేరు మీద తిరుగుతున్నాడు. ఆ సాయంత్రానికి డెలివరీ ఆపే బటను మీ చేతిలోనే ఉంది.

మీరు చెప్పే జవాబులూ ఈ లేఖకు తెలియనివి కావు.

ఆసుపత్రి ఆగకూడదు, కరెంటు ఆగకూడదు కదా అంటారు. నిజమే. బాధ్యత తెలిసిన ఆసుపత్రులు ఏం చేస్తాయో చూడండి. తుపాను రాకముందు సాయంత్రమే సిబ్బందిని రప్పించుకుని, రాత్రి పడుకోవడానికి మంచాలు, భోజనం ఏర్పాటు చేస్తాయి. మంచులో నడిచే పెద్ద బండ్లను ఇళ్లకు పంపి నర్సులను తెచ్చుకుంటాయి. తప్పనిసరి సేవ అంటే తప్పనిసరిగా తెచ్చే, దించే ఏర్పాటు కూడా. మీ డాష్‌బోర్డు రిపోర్టు ఆ కోవలోదేనా? అయితే మీరు పంపిన బండి ఏది?

చిన్న దుకాణానికి ఒక్క రోజు మూసినా దెబ్బే అంటారు. అదీ నిజమే, పాలు, కూరలు పాడవుతాయి, అద్దె ఆగదు. ఈ బాధ నిజమైనది కాబట్టే దాన్ని ముందు రాత్రే లెక్కలోకి తీసుకోండి. దుకాణం పక్కనే ఉండేవారితో, నడిచి రాగలిగినవారితో సగం రోజు నడపొచ్చు. రాలేనివారికి ముందే చెప్పొచ్చు. తెరవాలా, మూయాలా అన్నది మీ వ్యాపార నిర్ణయం. దాని లాభం మీ ఇంటికి వస్తున్నప్పుడు దాని ప్రమాదం మాత్రం వేరే ఇంటికి ఎందుకు వెళ్లాలి?

ఒకసారి వెసులుబాటిస్తే అందరూ అలుసుగా తీసుకుంటారంటారు. కోవిడ్ వచ్చిన 2020 మార్చిలో రాత్రికి రాత్రి ఆఫీసులన్నీ ఇళ్లలోకి మారాయి. నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి, మీ ప్రాజెక్టులు డైనింగ్ టేబుళ్ల మీద నుంచే డెలివరీ అయ్యాయి. అప్పుడు నమ్మిన మనుషుల్నే ఒక్క మంచు రోజుకు నమ్మడానికి అడ్డేమిటి?

అంచనాలు తప్పుతాయి కదా, ఊరికే మూసుకుంటామా అంటారు. తప్పుతాయి. 2015 జనవరి చివర్లో న్యూయార్క్‌కు రెండు మూడు అడుగుల మంచు వస్తుందని చెప్పారు. గవర్నర్ ఆండ్రూ కువోమో సబ్‌వే కూడా ఆపించాడు. సెంట్రల్ పార్కులో పడింది పది అంగుళాల లోపే. జనం నవ్వుకున్నారు, వాతావరణ సంస్థ అధికారి ఒకాయన బహిరంగంగా సారీ చెప్పాడు. నగరానికి పోయింది ఒక రోజు రాబడి. అట్లాంటా, బఫెలోలలో నిర్ణయం అటువైపు తప్పినప్పుడు పోయినవాటిని ఈ లెక్కతో పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకో చిక్కుముడి మీ ఆఫీసులో ఎవరూ పైకి చెప్పరు, కానీ అందరి ఇళ్లలోనూ ఉంటుంది. చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో రవాణా సిబ్బంది తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే బస్సు తిరిగే దారుల్లో స్వయంగా తిరిగి చూస్తారు. ఆ కబురు అందాక సూపరింటెండెంట్ బడి మూస్తున్నట్టు ప్రకటిస్తాడు. అదే రోడ్డు మీద అదే గంటకు మీ ఆఫీసు ‘యథావిధి’. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైన ఇంట్లో ఏడేళ్ల పిల్లను ఏం చేయాలి? మేరీలాండ్‌లోనైతే ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని ఒంటరిగా వదలడం చట్టరీత్యా నేరం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ ఆ నెలలో ఉంటే సరి, లేకుంటే ఇద్దరిలో ఒకరు సెలవు. ఆ సెలవు ఎక్కువగా ఎవరు పెడతారో, ఏడాది చివర రేటింగులో అది ఎవరి పేరు పక్కన కనిపిస్తుందో మీ రికార్డులే చెబుతాయి.

దారి లేని సమస్య కాదిది. వాషింగ్టన్‌లో ఫెడరల్ ఉద్యోగుల కోసం ఆఫీస్ ఆఫ్ పర్సనల్ మేనేజ్‌మెంట్ వాతావరణ సంస్థతో, స్థానిక అధికారులతో మాట్లాడి పొద్దున్నే ఆ రోజు స్థితి ప్రకటిస్తుంది. ఆలస్యంగా రావచ్చా, ఇంటి నుంచి పనిచేయవచ్చా, ముందస్తు అనుమతి లేకుండానే సెలవు తీసుకోవచ్చా, పూర్తిగా మూతా, అన్నింటికీ వేర్వేరు పేర్లున్నాయి. ప్రయాణం సురక్షితం కాని రోజుకు, ఇంటి నుంచి పనిచేయలేనివారి కోసం ‘వెదర్ అండ్ సేఫ్టీ లీవ్’ అని జీతంతో కూడిన సెలవును 2016లో చట్టంలోనే పెట్టారు. ఎక్కువ ఊళ్లలో మంచు అంతగా ఎరగని కాలిఫోర్నియా కూడా, విపత్తు వేళ పనిచోటు ప్రమాదకరమని సహేతుకంగా నమ్మి రాని ఉద్యోగిపై చర్య తీసుకోకూడదని 2023 జనవరి నుంచి చట్టం అమలు చేస్తోంది. అది ప్రయాణానికి వర్తించదు, నిజమే. చట్టం ఆగినచోట మీరూ ఆగాలని ఎక్కడా రాసి లేదు.

మీలో చాలామంది కోస్తా గాలి పీల్చి పెరిగినవారే. తుపాను వేళ మచిలీపట్నం, కాకినాడ రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు మీకు చిన్నప్పుడే తెలుసు. రేవులో ఆ హెచ్చరిక ఎగిరాక పడవ యజమాని కళాసీల వంక తిరిగి, వేటకు రావాలో వద్దో మీ విచక్షణ అనడు. పడవ ఒడ్డునే ఉంటుంది.

ఈ లేఖ అడుగుతున్నవి ఇవి. ఈసారి నవంబరు రాకముందే మంచు రోజు నియమాన్ని కాగితం మీద పెట్టండి. దాన్ని మీ మనసుకు, మేనేజరు మూడ్‌కు కాకుండా బయటి సూచికకు ముడిపెట్టండి. స్కూల్ డిస్ట్రిక్టు మూసిందా, కౌంటీ రెండో స్థాయి ప్రకటించిందా, వింటర్ స్టార్మ్ వార్నింగ్ ఉందా అన్నవి అందరికీ ఒకేలా కనబడే గుర్తులు. నిర్ణయం ముందు రాత్రి తొమ్మిదింటికి చెప్పండి, మారితే తెల్లవారుజామున ఐదుకు చెప్పండి. ఇంటి నుంచి చేయగల పనికి పీటీవో అడగకండి. చేయలేని పనికి ఆ రోజు జీతం మీరు భరించండి. ఏడాదిలో అలాంటి రోజులు ఎన్నుంటాయో మీ పాత రికార్డుల్లో చూసుకుని బడ్జెట్‌లో పెట్టుకోవచ్చు. ఆఫీసు తెరిచినా, మా వీధి బాగోలేదని ఉద్యోగి చెబితే ఆ మాటే ఆఖరు కావాలి. ఫొటో పంపమనకండి, పాయింట్లు వేయకండి, స్టాండప్‌లో పేరు తీయకండి. మధ్యలో పంపేయాల్సి వస్తే మంచు మొదలుకాక ముందే, దూరం వారిని ముందుగా పంపండి. క్లయింటుతో తర్వాతి ఒప్పందం రాసుకునేటప్పుడు వాతావరణం గురించి ఒక నిబంధన చేర్పించండి. రేటు దగ్గర గంటల కొద్దీ బేరమాడే మీకు ఇది చేతకాని పనేమీ కాదు.

ఆటా, తానా, నాట్స్ వంటి తెలుగు సంఘాల వేదికల మీద ఏటా మీకు శాలువాలు కప్పుతారు, యువతకు ఉపాధి కల్పించిన పారిశ్రామికవేత్తలని పరిచయం చేస్తారు. ఆ వేదికల వ్యాపార సదస్సుల్లో ఈసారి ఈ నియమం మీద ఒక గంట చర్చ పెట్టండి. ఎవరి సంస్థలో ఏ నియమముందో అందరి ముందూ చెప్పండి. కొత్తగా ఉద్యోగం వెతుక్కునే పిల్లలు జీతమెంత, ప్రాజెక్టు ఎక్కడ అని అడుగుతారు. వాటితో పాటు మీ మంచు రోజు నియమం ఏమిటని అడగడం కూడా మొదలుపెడితే, మీ దగ్గర చూపించడానికి కాగితం ఉందా?

ఇట్లు,
మంచు రోజున మీ సందేశం కోసం ఫోన్ చూసుకునే ఉద్యోగుల తరఫున